కణుపు కణుపుకీ కాళ్లే

ఈమధ్య నెల్లూరు చుట్టుపక్కల ఏ వెంచరు కాయితం చూసినా ఒకటే బొమ్మ. తెల్లటి ఇల్లు, ముందు పచ్చటి లాన్, లాన్ మీద కుర్చీ, కుర్చీలో నవ్వుతా ఒకాయన. ఆయన చొక్కాకి చెమట మరక ఉండదు. బొమ్మ మన ఊరిది కాదని చెప్పడానికి అదొక్కటి చాలు. అయినా చూసినవాళ్లకి ఆశ పుడుతుంది, తప్పేముంది? మా వీధి చివర కొత్తగా ఇల్లు కట్టుకున్నాయన కడియం నర్సరీ నుంచి మెక్సికన్ గడ్డి పలకలు పలకలుగా తెప్పించి పరిచాడు. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి పైపు పట్టుకుని నిలబడతాడు. దాన్ని చూసి మా మనవడు అడిగాడు, "తాతా, ఆయన గడ్డికి పోసే నీళ్లతో ఎంతమంది స్నానం చెయ్యొచ్చు?" అని. బలే ప్రశ్న వేశావురా అబ్బయ్యా, కాయితం పెన్సిలు తీసుకురా అన్నాను.

లెక్క చాలా సులువు. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు మందాన నీళ్లు నిలబెడితే అవి సరిగ్గా ఒక లీటరు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే వాన కబుర్లన్నీ తేటపడతాయి. కావలిలో పది సెంటీమీటర్ల వాన పడిందని వార్తల్లో చెప్తే, అక్కడ డాబాల మీద చదరపు మీటరుకి 100 లీటర్లు కురిసిందన్నమాట. సరే, మన లాన్ పది మీటర్ల పొడుగు, పది మీటర్ల వెడల్పు అనుకుందాం. 100 చదరపు మీటర్లు. మన ఎండకీ, సముద్రపు గాలికీ లాన్ గడ్డి పచ్చగా నిలవాలంటే రోజుకి నాలుగు మిల్లీమీటర్ల నీళ్లయినా తాగాలి. సంక్రాంతి రోజుల్లో కాస్త తక్కువ, రోహిణి కార్తెలో ఇంకా ఎక్కువ, అటూ ఇటూ వేసి నాలుగు. అంటే రోజుకి 400 లీటర్లు. బకెట్టు 20 లీటర్లయితే ఇరవైమంది తలంట్లు పోసుకోవచ్చు. జనవరి నుంచి మే దాకా 150 రోజులకి 60,000 లీటర్లు, అయిదువేల లీటర్ల ట్యాంకరు పన్నెండు ట్రిప్పులు. మా వాడు పెన్సిలు కింద పెట్టేసి, "అంతా గడ్డికేనా!" అన్నాడు.

అంతా గడ్డికే. పైగా ఆ గడ్డి మనం తినేది కాదు, మన గేదె తినేది కాదు. పెరిగితే కోసి పారేస్తాం, కోస్తే మళ్లీ చిగురెయ్యడానికి మళ్లీ నీళ్లు తాగుతుంది.

ఈ లాన్ ముచ్చట ఇంగ్లండు దొరలది. అక్కడ ఏడాది పొడుగునా తుంపర పడతానే ఉంటుంది, గడ్డి దానంతటదే పెరిగిపోతుంది. వాళ్ల బాధ దాన్ని పెంచడం గురించి కాదు, కోయడం గురించి. మొదట గొర్రెల్ని తోలేవాళ్లు, లేదంటే కూలీలను పెట్టి పొడుగాటి కొడవళ్లతో కోయించేవాళ్లు. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయనకి ఒక ఊహ తట్టింది. స్ట్రౌడ్ అనే ఊరి దగ్గర ఉన్నిబట్టల మిల్లులో బట్ట మీద లేచిన నూగుని నున్నగా కత్తిరించే యంత్రం ఒకటుండేది. బట్ట నూగుని కత్తిరించేది గడ్డిని మాత్రం ఎందుకు కత్తిరించకూడదు అనుకున్నాడు, అట్లాంటిదే చేసి పేటెంటు తీసుకున్నాడు. గడ్డి కోసే మిషను అట్లా పుట్టింది. దేశమంతా పేరున్న గొర్రెజాతిని పెంచుతున్న జిల్లా మనది, మనకి ఆ మిషను అవసరమే లేదనుకోండి. కానీ ఆ తుంపర మాత్రం మన దగ్గర లేదు. నెల్లూరికి ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది, అందులో సగానికి మించి అక్టోబరు, నవంబరు, డిసెంబరు, ఆ మూడు నెలల్లోనే. అప్పుడు మునుగుతాం, తర్వాత ఆర్నెల్లు ఆకాశం వంక చూస్తాం.

మన పెద్దోళ్లు ఇంటి ముందు గడ్డి పెంచలేదు, వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లి ముగ్గేశారు. పామూ తేలూ వస్తే కనబడాలి గదా. ఆ వాకిలి ఉండాల్సిందే, నేనేమీ దాన్ని తీసెయ్యమనడంలేదు. వాకిలి దాటాక, ప్రహరీ లోపల, ఎండకి కాలి పడుండే ఇసక జాగా సంగతి నేను చెప్పేది. నాలుగు అంకణాలో పది అంకణాలో, ఎంతుంటే అంత.

ఆ జాగాలోకి పోయేముందు నీళ్లు యాడనుంచి వస్తా ఉన్నాయో చూద్దాం, ఎందుకంటే అసలు కథ అక్కడుంది. మైపాడుకో, తుమ్మలపెంటకో, కోడూరుకో పోయినప్పుడు మీరు గమనించే ఉంటారు. అలలకి కూతవేటు దూరంలో ఇసకలో గుంట తవ్వితే మంచినీళ్లు ఊరతాయి. అదే దొరువు. తాటిచెట్ల మధ్య దొరువు తవ్వుకుని, కుండలతో తోడి, మిరపనారుకీ కూరపాదులకీ పోసుకుని బతికిన ఊళ్లు మన తీరమంతా ఉన్నాయి. పక్కనేమో అంత ఉప్పు సముద్రం, ఇక్కడేమో తియ్యటి నీళ్లు, ఎట్లా?

మీ అమ్మ చేపల పులుసు దించాక గిన్నెలోకి తొంగిచూడండి. నూనె పైకి తేలి ఉంటుంది, పులుసు కింద ఉంటుంది. తేలికైంది పైన, బరువైంది కింద. వాననీళ్లు ఇసకలోకి ఇంకి, కింద సముద్రం నుంచి లోపలికి వచ్చి ఉన్న ఉప్పునీళ్ల మీద అట్లాగే తేలి ఉంటాయి. నూనే పులుసూ కలవమన్నా కలవవు, నీళ్లూ నీళ్లూ మాత్రం కలుస్తాయి. అయితే ఇసక రేణువుల సందుల్లో కదలిక చాలా నిదానం, అందుకని కలవడానికి బోలెడు కాలం పడుతుంది. ఈలోపల మళ్లీ వానాకాలం వచ్చి పై పొరని నింపుతుంది.

ఇంకో లెక్క చెప్తాను, ఇది నాకు బలే ఇష్టం. లీటరు మంచినీళ్లు వెయ్యి గ్రాములు. లీటరు సముద్రపు నీళ్లు సుమారు 1025 గ్రాములు. తేడా 25. వెయ్యిని 25తో భాగిస్తే 40. అంటే మంచినీటి మట్టం సముద్రమట్టం కంటే ఒక్క అడుగు ఎత్తులో ఉంటే, కింద దాదాపు 40 అడుగుల లోతు దాకా ఆ మంచినీరు ఉప్పునీటిని నొక్కిపెట్టి ఉంచుతుంది. ఈ సూత్రాన్ని హాలండులో బాడోన్ గైబెన్ అనే ఆయన, జర్మనీలో హెర్జ్‌బెర్గ్ అనే ఆయన, నూరేళ్ల పైమాటే అయింది, ఎవరికి వాళ్లు విడివిడిగా కనిపెట్టారు. బాగుంది గదా? బాగానే ఉంది, తిరగేసి చూస్తేనే భయమేస్తుంది. బోరు దించి మోటారుతో గుంజి ఆ మట్టాన్ని ఒక్క అడుగు దించారనుకోండి, కింద ఉప్పునీరు 40 అడుగులు పైకి రావడానికి దారి దొరికినట్టే. ఇది పుస్తకంలో లెక్క, ఊళ్లో నేలని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. కానీ "బోరు ఉప్పెక్కింది" అనే మాట మన తీరంలో ఏ ఊరికి పోయినా వినపడేదే గదా. బాపట్లలో ఉప్పునీటి మీద పరిశోధన చేసే వ్యవసాయ శాస్త్రవేత్తలు అందుకే దొరువుని కాస్త మెరుగుచేశారు. లోతుకి పోకుండా, చిల్లులున్న గొట్టాల్ని ఇసకలో అడ్డంగా పరిచి, నీళ్లని ఒక బావిలోకి చేర్చి, పైపైన ఉన్న మంచినీటిని నిదానంగా తీసుకునే పద్ధతి అది. పాల మీద మీగడ తీసినట్టు తియ్యాలి, కవ్వం పెట్టి చిలక్కూడదు.

ఇప్పుడు వీధి చివర ఇంటాయన 400 లీటర్లు గుర్తుకొచ్చిందా? ఆ పైపు పెట్టి ఉన్నది ఆ మీగడలోనే.

మరి పచ్చదనం వద్దా? ఎందుకు వద్దూ, కావాలి. పగలు రెండింటప్పుడు చెప్పుల్లేకుండా ఉత్త ఇసక మీద నిలబడు, తర్వాత మొక్కలున్న చోట నిలబడు, తేడా నీ కాళ్లే చెప్తాయి. ఆకులు నీటిని ఆవిరి చేసి వదులుతాయి, ఆ ఆవిరితో పాటు వేడి కూడా పోతుంది. పచ్చదనం కావాలి, తాగుబోతు మొక్క వద్దు. అట్లాంటి మొక్క కోసం కడియం దాకా పోనక్కర్లేదు, బకింగ్‌హాం కాలవ గట్టు దాకా పోతే చాలు.

బొక్కెనాకు అంటారు. వైద్యగ్రంథాల్లో జలపిప్పలి. సూళ్లూరుపేట దాటి తమిళదేశంలోకి పోతే పొడుదలై అంటారు, దాని ఆకు వేసి కాచిన నూనె చుండ్రుకి రాస్తారు. శాస్త్రజ్ఞులు దీన్ని ఫైలా నోడిఫ్లోరా అంటారు. మడి గెనిమల మీద, చెరువు కట్టల మీద, కాలవ ఒడ్డున, ఉప్పు తేలిన చవుడు నేలల అంచున నేలకి కరుచుకుని పాకుతా ఉంటుంది. మీరందరూ రోజూ తొక్కుకుంటా పోయే మొక్కే. ఎవరూ వంగి చూసి ఉండరు.

ఒక తీగ తుంచి తెచ్చి అరచేతిలో పెట్టుకుని చూడండి. ఆకులు జంటలు జంటలుగా, ఎదురెదురుగా ఉంటాయి. చిన్న చెంచా ఆకారం, అడుగున సన్నం, కొసకి పోయేకొద్దీ వెడల్పు. రంపపు పళ్లు ఆకు చుట్టూ ఉండవు, ఆ కొస భాగంలోనే ఉంటాయి. వేలితో రాస్తే కొంచెం గరుగ్గా తగులుతుంది. భూతద్దం ఉంటే ఇంకో తమాషా కనబడుతుంది. ఆకు మీద సన్నటి నూగు, ఒక్కొక్క వెంట్రుక నడుమ దగ్గర ఆకుకి అతుక్కుని, రెండు కొసలూ రెండు వైపులకి చాపి పడుకుని ఉంటుంది. ఆకు సందులోంచి పొడుగాటి కాడ, కాడ కొసన అగ్గిపుల్ల తల కంటే కాస్త పెద్ద ముద్ద, ముదురు వంగపండు రంగు. ఆ ముద్ద నడుముకి వడ్డాణం పెట్టినట్టు చిట్టిచిట్టి పూలు, తెలుపూ గులాబీ కలిసిన రంగు. పూలన్నీ ఒక్కసారి విచ్చుకోవు. కింది వరస ముందు, తర్వాత దానిపై వరస. రోజులు గడిచేకొద్దీ పూల వరస పైకి జరుగుతుంది, కింద గింజలు తయారవుతాయి, ముద్ద పొడుగు సాగి పిప్పలికాయ మాదిరి అవుతుంది. మా పక్కింటి పాప చూసి "బొమ్మకి కిరీటం" అంది, నాకు తోచని మాట.

ఇప్పుడు తీగని తిరగేయండి. ప్రతి కణుపు దగ్గరా కింద వేళ్లు. ఇదే దాని ఆయుష్షు. మామూలు చెట్టు ఒక్కచోట నిలబడి ఆ ఒక్క చోటనే వేరు దించుతుంది. ఇది మాత్రం నాలుగు వేళ్ల మేర పాకడం, ఒక కాలు దించడం, మళ్లీ పాకడం, మళ్లీ కాలు దించడం. మధ్యలో తెగిపోయినా బాధలేదు, తెగిన ముక్కకి సొంత వేళ్లున్నాయి. మేక కొరికినా, బండి చక్రం ఎక్కినా, ఒక ముక్క మిగిలితే చాలు. మంచి ఎండల్లో నీళ్లు బొత్తిగా అందకపోతే ఆకులు చిన్నవవుతాయి, అక్కడక్కడా ఎండి తీగలు బయటపడతాయి, వాన చినుకు పడగానే కణుపుల్లోంచి మళ్లీ చిగురేస్తుంది. తీగ తడిని వెతుక్కునేది ఇసక లోపల. ఇసకలో మీరే చెయ్యి పెట్టి చూడండి, పైన బెత్తెడు మందం పొడిపొడిగా కాలిపోతా ఉంటుంది, మోచేతి లోతుకి పోతే చల్లగా తగులుతుంది. పైనున్న ఎండు ఇసకలోకి కింది తడి ఎగబాకలేదు, అందుకని లోపలి తడి లోపలే నిలుస్తుంది. వేరు అక్కడికి చేరిన మొక్క బతికిపోతుంది. వారానికి ఏడు రోజులూ పైపైన తడిపే లాన్ గడ్డికి కిందికి పోయే అవసరమే రాదు, సోమరిపోతు వేళ్లు పైనే ఉండిపోతాయి, కరెంటు రెండు రోజులు లేకపోతే గడ్డి పని అయిపోయినట్టే.

నేలకి కరుచుకోవడంలో ఇంకో లాభం ఉంది. మైపాడు తీరాన గాలి వీచేటప్పుడు నిలబడితే పంచె నిలవదు. అదే చోట బోర్లా పడుకుంటే చెవుల్లో హోరు తగ్గుతుంది. నేలకి దగ్గరయ్యేకొద్దీ గాలి వేగం తగ్గిపోతుంది. ఆకు వదిలిన ఆవిరిని గాలి వెంటనే ఊడ్చుకుపోతే ఆకు ఇంకా వదలాల్సి వస్తుంది. గాలి మందంగా ఉంటే ఆ తేమ ఆకు చుట్టూనే కాసేపు ఉంటుంది, ఖర్చు తగ్గుతుంది. పైగా ఆకు చిన్నది, చిన్న ఆకు వేడిని తొందరగా వదిలించుకుంటుంది. అరిటాకు ఇట్లాంటి చోట నిలబడితే మధ్యాహ్నానికి చిరుగుల గుడ్డ.

ఈ పాకే మొక్క వెనక పెద్ద కథలున్నాయి. నూరేళ్ల కిందటే ఇటలీ నుంచి పోయి కాలిఫోర్నియాలో శాంటా బార్బరాలో స్థిరపడ్డ ఫ్రాంచెస్కీ అనే మొక్కల పిచ్చాయన, దీని దగ్గరి బంధువుని గడ్డికి బదులుగా పెంచమని అక్కడివాళ్లకి చెప్పాడు. కొన్నాళ్లు పెంచారు, తర్వాత మర్చిపోయారు. జపానులో సముద్రపు ఒడ్డున రాళ్ల మీద కూడా మన బొక్కెనాకే పెరుగుతుంది. ఉత్సునోమియా విశ్వవిద్యాలయంలో కురామోచి అనే ఆచార్యుడు దాన్ని పట్టుకుని, పొట్టిగా, దట్టంగా, గింజ కట్టకుండా ఉండే రకాన్ని తయారుచేశాడు. కురాపియా అని పేరు పెట్టారు. ఇంతలో కాలిఫోర్నియాలో మహా కరువు వచ్చింది. 2015 ఏప్రిల్లో అక్కడి గవర్నరు జెర్రీ బ్రౌన్ ఊళ్లలో నీటి వాడకం నాలుగోవంతు తగ్గించమని ఉత్తరువిచ్చాడు, అయిదు కోట్ల చదరపు అడుగుల లాన్ తీసేసి తక్కువ నీటి మొక్కలు పెట్టాలన్నాడు. ఫ్రీమాంట్‌లోనో శాన్ హోసేలోనో ఉండే మనవాళ్లని అడగండి, ఇంటి ముందు గోధుమరంగుకి తిరిగిన గడ్డి గురించి చెప్తారు. ఆ రోజుల్లో అక్కడి విశ్వవిద్యాలయాలు పరీక్షించి చూసి మెచ్చుకున్న మొక్కల్లో ఈ కురాపియా ఒకటి. ఇప్పుడు నర్సరీల్లో ట్రేల లెక్కన డాలర్లు పోసి కొంటున్నారు. పొలానికి పోయే దారిలో మనం దాని మీద చెప్పులు తుడుచుకుంటున్నాం. గెనిమ మీదున్నది కంటికి ఆనదు, ట్రేలో పెట్టి ధర చీటీ కడితే మొక్క అవుతుంది.

అయితే మంచిమాట ఒక్కటే చెప్పి ఊరుకోకూడదు. దీని దక్షిణ అమెరికా చుట్టం ఒకటుంది, ఫైలా కానెసెన్స్. దాన్ని అందం కోసమని ఆస్ట్రేలియాకి తీసుకుపోయారు. అది తోటల్లోంచి జారుకుని మర్రే, డార్లింగ్ నదుల వరద మైదానాల్లోకి పోయి లక్షల ఎకరాల మేతభూమిని కప్పేసింది. రైతులకి ఇప్పటికీ తలనొప్పి. అందుకని ఎవరి మొక్కని వాళ్ల ఊళ్లోనే పెంచుకోవాలి. బొక్కెనాకు మన మొక్క, ఇక్కడ దాన్ని తినే పురుగుంది, దానితో పోటీపడే తుంగ ఉంది, గరిక ఉంది. కాలిఫోర్నియా నుంచి వచ్చే చుట్టాల చేత సూట్‌కేసులో కురాపియా తెప్పించే పని మాత్రం పెట్టుకోవద్దు.

గరిక మాట వచ్చింది గనక చెప్పాలి. వినాయకుడికి పెట్టే గరిక కూడా ఎండకి తట్టుకునే గట్టి గడ్డే. ప్రపంచమంతా గోల్ఫు మైదానాల్లో బెర్ముడా గడ్డి అని పెంచేది మన గరికనూ, దాని చుట్టాలతో కలిపి పుట్టించిన రకాలనూ. గరికతో లాన్ వేసుకుంటానంటే నేను కాదనను. దానికి కంటికి ఆనే పూలుండవు, పూలకి వచ్చే తేనెటీగలుండవు, అంతే తేడా.

పూలు కావాలనే వాళ్లు గడ్డిగులాబీ పెట్టమంటారా అని అడుగుతారు. ఎర్రవి, పసుపువి, చక్కగా పూస్తుంది, ఎండకి జంకదు. దాని మీద నడిస్తే మాత్రం కాడలు పుటుక్కున విరుగుతాయి, గట్టు వార పెట్టుకోవాలి. దానికో చెల్లెలుంది, మన పాయలాకు. పప్పులో వేసేది. దాని గుట్టు వింటే మీరు నమ్మరు. నీళ్లు తక్కువైనప్పుడు చాలా మొక్కలు పగలు ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, అప్పుడు గాలి లోపలికి రాదు, పస్తుండాలి. పాయలాకు కరువులో రాత్రిపూట రంధ్రాలు తెరిచి గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చి పులుపు రూపంలో దాచుకుంటుంది, పగలు తలుపులేసుకుని దాన్నే వండుకుంటుంది. అందుకే వాడుముఖం పట్టిన పాయలాకుని తెల్లారగట్ల నమిలితే పులుపెక్కువ, సాయంత్రం నమిలితే తక్కువ. నమలండి, శాస్త్రం నాలిక మీదే తెలుస్తుంది. మామూలు రోజుల్లో జొన్న, చెరుకు పాటించే పొదుపు పద్ధతి దానిది. రెండు పద్ధతులూ ఒకే ఆకులో ఎట్లా కుదురుతున్నాయో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2022లో విప్పి చెప్పారు. మీ నాయనమ్మ ఆ సంగతి తెలియకుండానే పప్పు చేసింది, రుచికేం తగ్గలేదు.

సముద్రానికి మరీ దగ్గర, ఇసక దిబ్బల మీద ఇల్లున్న వాళ్లకి బాలబంద తీగ ఉండనే ఉంది. మేక గిట్ట ఆకారం ఆకు, పొద్దున్నే విచ్చుకునే ఊదారంగు గరాటు పూలు. దాని గింజలు ఉప్పునీళ్లలో తేలుకుంటా దేశాలు దాటిపోతాయి. గాలి ఇసక తెచ్చి మీద పోసినా పైకి లేచి మళ్లీ పాకుతుంది, దిబ్బని కదలకుండా పట్టి ఉంచేది అదే. దాన్ని పీకి చదును చేసి అక్కడ లాన్ వేసిన రిసార్టులని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంటి ముందు మాత్రం అది వద్దు, గేటు దాటి రోడ్డెక్కుతుంది.

సరే, బొక్కెనాకు పెట్టేది ఎట్లాగంటారా. వినాయక చవితి దాటాక నేల తవ్వుకోండి. తుంగగడ్డలు ఒక్కటి కూడా లేకుండా ఏరెయ్యండి, విసుగు పుడుతుంది, పుట్టనివ్వండి, ఇప్పుడు ఏరకపోతే తర్వాత ఏడాదంతా ఏరాలి. బాగా చివికిన పశువుల ఎరువు కాస్త కలపండి. అక్టోబరులో మొదటి వాన పడగానే గట్టు మీంచి తీగలు తెచ్చి, మూడు కణుపులుండేట్టు ముక్కలు చేసి, జానెడు దూరాన ఒకటి, రెండు కణుపులు మట్టిలో ఒకటి బయట ఉండేట్టు గుచ్చండి. ఎండ బాగా తగిలే చోటే పెట్టాలి, మామిడిచెట్టు నీడలో పలచబడిపోతుంది. ఆ మూడు నెలలూ ఆకాశమే నీళ్లు పోస్తుంది. నీళ్లు రెండు రోజులు నిలిచిపోయినా కంగారుపడొద్దు, కాలవ ఒడ్డున పుట్టిన మొక్క, మునక దానికి కొత్తకాదు. సంక్రాంతికల్లా చాలావరకు అల్లుకుంటుంది. మొదటి ఎండాకాలం మాత్రం వారానికోసారి నేల లోపలి దాకా తడిసేట్టు పోయండి, రోజూ చిలకరించే అలవాటు చెయ్యొద్దు. రెండో ఏడు నుంచి మరీ వాడినప్పుడు పోస్తే సరిపోతుంది, బియ్యం కడిగిన నీళ్లూ కూరలు కడిగిన నీళ్లూ దానికి చాలావరకు సరిపోతాయి. అంచున ఇటుకలు నిలువుగా పాతండి, లేకపోతే ముగ్గులోకి వస్తుంది.

ఒక్కోసారి ఆకులు కొరికేసినట్టు కనబడతాయి. వెంటనే మందు డబ్బా తియ్యొద్దు. నారింజరంగు రెక్కల మీద నెమలి కళ్లున్న సీతాకోకచిలుక ఒకటుంది, అది గుడ్లు పెట్టే మొక్కల్లో ఇదొకటి. నల్లటి ముళ్ల గొంగళిపురుగు నాలుగు ఆకులు తింటే తిననివ్వండి, తీగ రెండు వారాల్లో మళ్లీ వేసుకుంటుంది. ఇక పూల మీద చిన్న తేనెటీగలు పొద్దుటి నుంచీ వాలతానే ఉంటాయి. పసిపిల్లలు ఉత్త కాళ్లతో తిరిగే ఇల్లయితే నెలకోసారి పైపైన పూలు కత్తిరించేస్తే సరి.

"క్రికెట్ ఆడుకోవచ్చా తాతా?" అని మా వాడు చివరికి తన అసలు ప్రశ్న వేశాడు. నడవొచ్చు, కూర్చోవచ్చు, రాత్రి చాప వేసుకుని పడుకోవచ్చు, ఫీల్డింగు చెయ్యొచ్చు. పిచ్ మీద మాత్రం రోజూ బంతులేస్తే ఏ మొక్కా నిలబడదురా నాయనా, నడిమధ్యన ఇరవై రెండు గజాలు ఊడ్చి వదిలెయ్యండి. మీ నాయనమ్మకి కళ్లాపి చల్లుకోవడానికి కూడా పనికొస్తుంది.